ఔషధము – అనుపానము

మన పూర్వవైద్యులు ఔషధముతోఁ బాటు అనుపానమును జెప్పిరి. మందెంత గొప్పదైనను తేనెతోనో, నేతితోనో, పాలతోనో చేర్చి యిచ్చిననే గుణమిచ్చునని వారి తలంపు. నేఁటి సూక్ష్మజీవినాశకౌషధముల చరిత్రయందును ఈ రెండు ప్రయత్నములే కానవచ్చుచున్నవి. మందును కనుఁగొనుట యొకటి. దానిని హాని లేకుండ దేహమునఁ జేర్చుట రెండవది. రెంటను తెలుగుదేశమునకుఁ బాలు కలదు.

1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసున వైద్యవిద్య నభ్యసించిరి. సోదరులు స్ప్రూ యను ఉదరవ్యాధికి బలియగుట వారి మనస్సును కలఁచినది. మదరాసు ఆయుర్వేదకళాశాలలోఁ గొంతకాలము బోధించి, అమెరికాకుఁ బోయి, 1940 లో లెడర్లీ పరిశోధనాలయమునఁ జేరిరి. అచ్చట వారి యాధిపత్యమున బెంజమిన్ డగ్గరను వృద్ధవృక్షశాస్త్రజ్ఞుఁడు మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ సాధించెను. పసిఁడివన్నెనుబట్టి దాని కాపేరు. 1948 లో వెల్లడియైన యీమందును నోటనే పుచ్చుకొనవచ్చును. ఆనాఁడు పెన్సిలినును ప్రాయికముగా సూదిద్వారానే యిచ్చెడివారు. స్ప్రూ చికిత్సకు సైతము ఈ జాతి మందులు పిమ్మట నుపకరించినవి. ఆయేఁటి ఆగష్టుననే సుబ్బారావుగారు పరమపదించిరి.

1961 లో భారతప్రభుత్వము నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్. సంస్థ మన బోరబండకుఁ జేరువనున్న బాలానగరమున రసాయనౌషధముల కర్మాగారమును గట్టెను. అందుఁ బనిచేసిన కల్లం అంజిరెడ్డిగారు 1984 లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. భాగ్యనగరము ఔషధనగర మగుటకు ఆ కర్మాగారమే యొక బీజము.

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ అను శిలీంధ్రవ్యాధి ప్రబలఁగా కోఠి చెవి ముక్కు గొంతు ఆసుపత్రి రోగులతో నిండెను. దానికి మందగు ఆంఫోటెరిసిన్-బి నీటఁ గరఁగదు, నరములోని కెక్కింపవలెను, మూత్రపిండములకుఁ గీడు చేయును. సూక్ష్మమైన కొవ్వుగోళములఁ బొదిగి యిచ్చినచో కీడు తగ్గును గాని వెల పెరుగును. ఆ మందు దొరకక కుటుంబములవారు అంగళ్లవెంటఁ దిరిగిరి. అప్పుడే హైదరాబాదు ఐ.ఐ.టి. పరిశోధకులు దానిని అతిసూక్ష్మమైన నారలలోఁ జేర్చి మాత్రగాఁ జేసితిమనియు, 60 మిల్లీగ్రాముల మాత్రకు సుమారు 200 రూపాయలగుననియుఁ బ్రకటించిరి. మొదట కాలా-అజార్ వ్యాధికై యారంభించిన కృషి యది. అట్టి మాత్ర రోగిచేతి కందుటకు జంతుపరీక్ష, మానవపరీక్ష, ప్రభుత్వానుమతి యను మెట్లన్నియు దాఁటవలయును.

పేదవానికి మందు కనుఁగొనఁబడిన నాఁడు కాదు, చేతికందిన నాఁడే ఫలించును. కావున మన సంఘమువారు విద్యార్థివేతనము లిచ్చునపుడు రసాయన, సూక్ష్మజీవిశాస్త్రములఁ జదువు బీదబిడ్డలను మఱవకుందురుగాక!