ఒంటికన్ను కెమెరా, రాతి ఒంటెలు

ఫోటోలో లోతు ఉండదు. ఈ మాట చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. చూపుడువేలు ముఖం ముందు నిలబెట్టి, ఒకసారి ఎడమకన్ను, ఒకసారి కుడికన్ను మూసి చూడండి. వేలు వెనకాల గోడ మీద అటూ ఇటూ గెంతుతుంది. దగ్గరి వస్తువు ఎక్కువగా గెంతుతుంది, దూరపుది తక్కువగా. ఆ గెంతునే మన బుర్ర దూరంగా లెక్కకట్టుకుంటుంది. పాపం, కెమెరాది ఒంటికన్ను. దానికి లోతు తెలియాలంటే పక్కకి జరిగి ఇంకో ఫోటో తీయాలి. అసలు కిటుకు ఇంతే. మిగిలిందంతా లెక్కలూ, ఓపికా.

ఆ ఓపికతో మొదట వ్యాపారం చేసినవాడు పారిస్ శిల్పి ఫ్రాంస్వా విల్లెమ్. 1860లో పేటెంటు తీసుకున్నాడు. మనిషిని గుండ్రటి గది మధ్యలో నిలబెట్టి చుట్టూ 24 కెమెరాలతో ఫోటోలు తీసేవాడు. ఒక్కో ఫోటోలోని అంచుగీతను పాంటోగ్రాఫ్ అనే చేతుల పరికరంతో అనుసరిస్తూ మట్టిముద్దను కోసేవాడు. అయితే అంచుగీత ముక్కు సంగతి చెబుతుంది గాని కంటిగుంట సంగతి చెప్పదు. పల్లాలన్నీ చేత్తో దిద్దుకోవాల్సిందే. ఆ స్టూడియో పదేళ్ళు నిలవలేదు.

పేటెంటు వచ్చిన మరుసటి ఏడే, 1861లో, నేటి సౌదీ అరేబియాలోని మదీనాకి మొదటి ఫోటోలు తీశారు. తీసినది ఈజిప్టు సైన్యంలో ఇంజనీరు ముహమ్మద్ సాదిక్ బే. అల్ వజ్ రేవు నుంచి మదీనా దాకా దారి కొలవమని పంపిస్తే, కొలత సామానుతోపాటు కెమెరా కూడా కట్టుకెళ్ళాడు. (ఇంజనీర్లకి చెప్పిన పని మాత్రమే చేసే అలవాటు అప్పుడూ లేదన్నమాట!) 1880లో మక్కా ఫోటోలూ ఆయనే తీశాడు. గాజుపలకకి మందు పూసి, అది ఆరిపోయే లోపలే ఫోటో తీసి, కడిగేయాల్సిన రోజులవి. ఎడారి ఎండలో అదే దృశ్యాన్ని పక్కకి జరిగి మళ్ళీ తీయమని ఎవరడుగుతారు?

1907, 1909, 1910 సంవత్సరాల్లో జెరూసలేం నుంచి జోసాన్, సావిన్యాక్ అనే ఇద్దరు డొమినికన్ ఫాదర్లు ఉత్తరాన ఉన్న మదాయిన్ సాలిహ్ వెళ్ళారు. మన ఉండవల్లి గుహల్లాగే కొండని తొలిచి చేసిన నబాటియన్ల సమాధులు అక్కడ నూటికి పైగా ఉన్నాయి. 2008లో యునెస్కో జాబితాకెక్కిన మొదటి సౌదీ స్థలం అదే. ఫాదర్లు ఫోటోలు తీయడమే కాక, తడి కాగితం రాతికి అద్ది శాసనాల అచ్చులు కూడా ఎత్తారు. మన శాసన పరిశోధకుల ఎస్టాంపేజీ కూడా ఈ కోవలోదే. కాగితంలో లోతు పట్టుకునే పాత పద్ధతి అది.

ఈ పల్లాల గొడవ ఎంత ముఖ్యమో ఒంటెల దగ్గర బాగా తెలుస్తుంది. అల్ జౌఫ్ ప్రాంతంలో సకాకా దగ్గర ఇసుకరాతి గుట్టల మీద నిలువెత్తు ఒంటెల ఉబ్బెత్తు శిల్పాలున్నాయి. 2018లో గియోమ్ షార్లూ బృందం వాటి గురించి ప్రచురించినప్పుడు, పెట్రాలోని ఒంటె శిల్పాలతో పోల్చి, ఇవీ సుమారు రెండు వేల ఏళ్ళవని అనుకున్నారు. 2021లో మరియా గ్వాగ్నిన్ తదితరులు ఉలిగాట్లనీ, రాయి అరిగిన తీరునీ, ఇతర పరీక్షల ఫలితాలనీ కలిపి చూసి, 7000 నుంచి 8000 ఏళ్ళ నాటివని తేల్చారు. అంటే చెక్కినవాళ్ళకి ఇనుము తెలియదు. రాతితోనే రాతిని చెక్కారు. ఒంటెని మచ్చిక చేసుకోవడం అప్పటికింకా వేల ఏళ్ళ దూరంలో ఉంది!

శిల్పాల్లో కొన్నిటికి మెడ కింద ఉబ్బు, గుండ్రటి పొట్ట కనిపిస్తాయి. జతకట్టే కాలంలో మగ ఒంటె అలా ఉంటుంది. చెక్కిన మనిషికి ఏ రుతువు ముఖ్యమో ఆ నాలుగు వేళ్ళ ఉబ్బులోనే ఉంది. మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి ఒక్క ఫోటో తీస్తే అది వట్టి రాయి! గాలీ ఇసకా రోజూ ఇంకాస్త అరగదీస్తున్నాయి.

ఇప్పుడు ఇలాంటి చోట్ల చేసేది ఫోటోగ్రామెట్రీ. రాయి చుట్టూ తిరుగుతూ, ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా వందల ఫోటోలు తీస్తారు. అదే మచ్చ, అదే పగులు వేర్వేరు ఫోటోల్లో ఎక్కడుందో ప్రోగ్రాం గుర్తుపడుతుంది. ఒక్కో ఫోటో నుంచి ఆ మచ్చవైపు గీత గీస్తే, గీతలు కలిసేచోటే మచ్చ అసలు స్థానం. కెమెరా ఎక్కడ నిలిచిందో కూడా ముందుగా తెలియదు, అదీ ఇదే లెక్కలో తేలాలి. లక్షల బిందువులు చేరాక, తెర మీది ఒంటెపై ఏ మూల నుంచైనా దీపం వేసి చూడవచ్చు. పల్లాలు కూడా వస్తాయి, విల్లెమ్‌కి దొరకనివి. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ తీసి పోలిస్తే ఎంత అరిగిందో తెలుస్తుంది. ఒక్కటి మాత్రం ఫోటోలు ఎన్ని తీసినా చెప్పలేవు: సైజు. అందుకే పక్కన కొలబద్ద పెడతారు.

వస్తువే పోయాక? 2001 మార్చిలో తాలిబన్లు కూల్చిన బామియాన్ పెద్ద బుద్ధుణ్ణి జ్యూరిక్‌లో ఆర్మిన్ గ్రూన్ బృందం కంప్యూటర్‌లో నిలబెట్టింది. 1970లో ఆస్ట్రియా ఆచార్యుడు కోస్ట్కా కొలతల కోసం తీసిన ఫోటోలు ఉండబట్టి అది కుదిరింది. రెండు వందలో వంతు సైజులో బొమ్మ కూడా చేశారు. యాత్రికుల ఫోటోలతోనూ ప్రయత్నించారు గాని అంత నిక్కచ్చిగా రాలేదు.

మనకీ అలాంటి నష్టం ఉంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. 2017కి కొత్త గోపురం లేచింది. పాతది మాత్రం రియాద్‌లో, డాలస్‌లో, సిడ్నీలో మన ఆల్బముల్లో ముక్కలుముక్కలుగా ఉంది. అమ్మమ్మ ఫ్రేములో పట్టాలని కలశాల్ని కోసేసిన ఫోటోలవి. పిల్లాడి పుట్టువెంట్రుకల నాటివి, పెళ్ళయిన కొత్తలో రాహుకేతు పూజకి వెళ్ళినవి. ఎవరికి వారు వేర్వేరు చోట్ల నిలబడి తీసుకున్నారు కాబట్టి ఆ లెక్కకి కావలసిన గెంతు వాటిలో ఉంది. అమ్మమ్మ పొడుగు ఇంట్లో ఎవరికో ఒకరికి గుర్తుంటుంది, కొలబద్ద ఆవిడే. స్కాన్ చేసేటప్పుడు మనుషుల వరకే కత్తిరించకండి. నెగెటివ్ దొరికితే దాన్నే చేయించండి, ప్రింటులో అంచులు పోతాయి. వెనకవైపు నుంచి తీసిన ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే అది అన్నిటికన్నా విలువైనది. అటువైపు నిలబడి ఫోటో దిగినవాళ్ళు తక్కువ.