అటక నుండి స్లాబు దాకా: మన కప్పుల చరిత్ర, మన ఆరోగ్యం

మే నెల మధ్యాహ్నం. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికుడు, ఊరంతా మేలుకొని ఉన్న వేళ నిద్రకు ఉపక్రమిస్తాడు. జ్యోతినగర్, రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత తరచుగా 45 డిగ్రీలను తాకుతుంది. ఇతరులకు బొగ్గును, విద్యుత్తును అందించే ఆ మనిషి సరిగ్గా ఆ గంటల్లోనే కాగిన కప్పు కింద నిద్రపోవాలి. అతని నిద్రను కాపాడవలసిన కప్పు ఆ పనిని ఎప్పుడు మానుకున్నదో తెలియాలంటే, మన ఇళ్ల చరిత్రను ఒకసారి తిరగవేయాలి.

పూర్వపు ఇళ్లలో తాటాకు, గడ్డి, గూన పెంకులు కప్పుగా ఉండేవి. పెంకుటింట్లో గదిపైన బల్లలో వెదుళ్లో పరచి అటక కట్టేవారు. పాత సామాను దాచుకొనే చోటుగానే మనం దానిని ఎరుగుదుము. కాని ఎండ తగిలే పెంకుకూ మనిషి పడుకొనే గదికీ నడుమ అది ఒక గాలి పొరను నిలిపి ఉంచేది. కదలని గాలికి వేడిని మోసే శక్తి కాంక్రీటుకున్న దానిలో 50వ వంతు కూడా ఉండదు. మిద్దె ఇళ్లలో మందపాటి మట్టి పొర ఇటువంటి మేలే చేసేది.

అయినా ఆ ఇళ్లను మరీ పొగడనవసరం లేదు. గడ్డి కప్పుకు నిప్పు భయం, పెంకుకు వాన భయం, రెంటికీ ఏటేటా మరమ్మతు తప్పేది కాదు. అందుకే సిమెంటు రేకు వచ్చినప్పుడు జనం సంతోషంగా స్వీకరించారు. 1946లో హైదరాబాద్‌లోనే ఆ రేకుల తయారీ సంస్థ ఏర్పడింది. తరువాత కాంక్రీటు స్లాబు వచ్చింది. 1978లో నాటి ప్రధాని మొరార్జీ దేశాయ్ రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1983లో తొలి యూనిట్ ప్రారంభమైంది. ఆ కేంద్రం క్రమంగా 2,600 మెగావాట్లకు పెరిగింది. స్లాబు క్వార్టర్లూ రేకుల ఇళ్లూ ఈ ప్రాంతపు రూపమయ్యాయి. వాన భయం పోయింది, గాలి పొర కూడా పోయింది.

పోయిన పొర లోటును ఫ్యాను కప్పిపుచ్చింది. అయితే గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. రేకు మధ్యాహ్నమే మండుతుంది. స్లాబు పగలు తాగిన వేడిని సాయంత్రం నుండి అర్ధరాత్రి దాకా గదిలోకి విడుస్తుంది. నిద్ర చెడిన శరీరం మరుసటి షిఫ్టులో తూలుతుంది. గనిలోనూ యంత్రాల వద్దనూ అది ప్రాణాంతకం. ఏసీ పెట్టుకోగలవారు కప్పు లోనికి వదిలిన వేడిని బయటకు నెట్టడానికి మళ్లీ బొగ్గునే మండిస్తున్నారు.

2015 మే నెల వడగాలులకు దేశంలో 2,000 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. 2018లో కేంద్రం ఇళ్ల కోసం తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ కప్పు గుండా వచ్చే వేడికి హద్దు నిర్ణయించింది. 2023లో తెలంగాణ ‘కూల్ రూఫ్’ విధానాన్ని ప్రకటించింది. కాని 600 చదరపు గజాలకు తక్కువైన ఇళ్లకు అది ఐచ్ఛికమే. రేకుల కింద బతికేవారు ఉండేది ఆ చిన్న ఇళ్లలోనే కదా!

కనుక మన వంతుగా చేయగలిగినది చేద్దాం. వేసవికి ముందే స్లాబుపై తెల్ల సున్నం వేయించండి. రేకుల ఇంట్లో రేకుకు జానెడు కింద వెదురు తడికతో లోకప్పు కట్టించండి. వంటపొయ్యి ఉన్నచోట మాత్రం వద్దు. ఆస్బెస్టాస్ రేకును కోయడం, తొలచడం, పొడిగా గీకడం చేయకండి. ఆ ధూళిలోని నూలు ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీస్తుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే ఒంటిని నీటితో తడిపి, గాలి విసురుతూ ఆసుపత్రికి తరలించండి.

మన పూర్వులు అటకను ఆరోగ్యశాస్త్రం చదివి కట్టలేదు. కాని దానిని తీసివేసిన మనం, అది చేసిన పనిని మరొకదానికి అప్పగించవలసి ఉండెను. ఆ బాకీని ఇకనైనా తీర్చుకుందాం.