ఓడ జాబితాలలో మన ఊళ్ళు

మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. 1911 వరకు ఒప్పంద కూలీలుగా నేటాలుకు వచ్చిన భారతీయులు సుమారు 1,52,000 మంది. వారిలో తెలుగువారు అనేకులు. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామం ఓడ జాబితాలలో ఉన్నాయి. అయితే గుమాస్తాలు తమ చెవికి వినబడినట్లు ఆంగ్ల లిపిలో వ్రాసుకున్నారు. విశాఖపట్నం 'వైజాగపటం' అయింది.

మా చరిత్ర బృందం ఏటా నవంబరులో ఆ జాబితాలు ముందుంచుకొని కూర్చుంటుంది. పెద్దలు తమ ఇంట విన్న పేర్లు చెబుతారు. పిల్లలు వాటిని తెలుగు లిపిలో తిరిగి వ్రాస్తారు.

మా ముత్తాత గ్రామం నేటికీ తేలలేదు. ఆ అక్షరాలను మూడు విధాలుగా చదవవచ్చు. ఆయన పేరు మాత్రం తేలింది. సాయంకాలపు తరగతిలో నేర్చిన అక్షరాలతో, అరవై దాటాక, దానిని మొదటిసారి తెలుగులో వ్రాశాను.

మీ ఇంటి పెద్దలను ఈ వారమే అడగండి: ఓడ దిగిన మనవారి పేరేమిటి?