అరుదైన వస్తువుకు అంత ధర ఎందుకు?



2017లో ఒక ఆస్ట్రేలియా సేకర్త నాలుగు భారతీయ తపాలా బిళ్లలను 5 లక్షల పౌన్లు పెట్టి కొన్నాడు. మన లెక్కలో అది సుమారు 4 కోట్ల రూపాయలు. ఒక్కో బిళ్ల మీద ఉన్న వెల 10 రూపాయలు. నలభై రూపాయల కాగితానికి నాలుగు కోట్లా అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఈ కథలో మన హోసూరు దగ్గరి తొరపల్లికి కూడా చోటుంది.

1948 జనవరి 30న గాంధీజీ హత్యకు గురయ్యారు. ఆ ఏడు ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండిన రోజున, ఆయన బొమ్మతో నాలుగు రకాల తపాలా బిళ్లలు విడుదలయ్యాయి. అణాన్నర, మూడున్నర అణాలు, 12 అణాలు, 10 రూపాయలు వాటి వెలలు. వాటిని స్విట్జర్లాండులో అచ్చు వేయించారు. అప్పటికి గవర్నర్ జనరల్ పదవిలో ఉన్నవారు రాజాజీ. ఆయన 1878లో తొరపల్లిలో పుట్టారు. గాంధీజీకి స్వయానా వియ్యంకుడు. ఆయన కార్యాలయం వాడకం కోసం కొన్ని బిళ్లల మీద ‘సర్వీస్’ అనే మాట అదనంగా అచ్చు వేశారు. 10 రూపాయల బిళ్లల్లో అలా వేసినవి 100 మాత్రమే. నాలుగు కోట్లు పలికినవి వాటిలోవే.

ఆ మాట లేని 10 రూపాయల బిళ్లకూ సేకర్తల దగ్గర విలువ ఉంది. కానీ ఆ ధరకు ఇది ఆమడ దూరం. కాగితం అదే, బొమ్మ అదే. ఒక్క మాటతో అంత తేడా ఎలా వచ్చింది?

మొదటి కారణం లెక్క. రాగుల ధర పెరిగితే వచ్చే ఏడు ఇంకో ఎకరం చల్లుకోవచ్చు. 1948 నాటి బిళ్లను ఇప్పుడు ఎవరూ పుట్టించలేరు. రెండోది కోరిక. భారతీయ బిళ్లలన్నీ కూర్చుకున్నవాడికి ఆల్బంలో ఒక్క గడి ఖాళీగా ఉంటే నిద్ర పట్టదు. అలాంటివారు ఇద్దరుండి వస్తువు ఒక్కటే అయితే, ధరను నిర్ణయించేది వారి పంతమే. మూడోది నమ్మకం. ఒక మాటను దొంగతనంగా అచ్చు వేయడం కష్టం కాదు. అందుకే నిపుణులు పరీక్షించి అసలుదని తేల్చిన వస్తువుకే ఆ విలువ.

పాతదైతే చాలు, ధర పలుకుతుందనుకోవడం పొరపాటు. దక్షిణ పినాకిని ఒడ్డున ఉన్న మన కావేరిపట్టణం కోటను 1767లో హైదర్ అలీ ఇంగ్లీషువారి నుంచి పట్టుకున్నాడు. 1792 దాకా ఈ బారామహల్ సీమ ఆయనదీ, ఆయన కొడుకు టిప్పు సుల్తాన్‌దీ. ఏనుగు బొమ్మ ఉన్న టిప్పు రాగి నాణేలు రెండు వందల ఏళ్లు దాటినవే. అయినా వాటిలో సాధారణ రకాలకు పెద్ద ధర రాదు. విస్తారంగా ముద్రించారు, విస్తారంగానే మిగిలాయి. అరుదైన రకమో, అరగని నాణెమో అయితే సంగతి వేరు.

ఈనాటి కంపెనీలు ఈ కిటుకు పట్టుకున్నాయి. ‘పరిమిత సంఖ్య’ అని చెప్పి గడియారాలు, బొమ్మలు, పెన్నులు ఎక్కువ ధరకు అమ్ముతాయి. కొన్నవాళ్లందరూ వాటిని పెట్టె విప్పకుండా దాచుకుంటారు. అందరూ దాచుకున్న వస్తువు అరుదు ఎలా అవుతుంది? పాత బిళ్లలు కవర్ల మీదికెక్కి, చిరిగి, పారేయబడి తగ్గిపోయాయి. వాటిని అరుదు చేయాలని ఎవరూ అనుకోలేదు.

ఇక చివరగా ఒక జాగ్రత్త. పాత 5 రూపాయల నోటుకు లక్షలిస్తామని, ముందు కొంత రుసుము కట్టమని ఫోన్లు వస్తుంటాయి. ఇలాంటి మోసాల గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. నిజమైన సేకర్త డబ్బు ఇస్తాడు గాని అడగడు. పొలం దున్నేటప్పుడు నాణేల కుండ దొరికితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. ఇంట్లో తాతల నాటి నాణెం ఉంటే చింతపండుతో తోమకండి, పాత రాగి కింద తూకానికి వేయకండి. తెలిసినవారికి చూపించండి. ధర పలకకపోయినా, మన సీమ చరిత్ర మీ ఇంట్లో ఉన్నట్టే.