ధాత కరువు – వ్రాయబడని సాక్ష్యము

హిట్లరు మారణహోమమును దాటి బ్రతికిన యూదుల రచనలను మేము వేదాంత కళాశాలలో చదువుకొన్నాము. ఇటలీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ప్రీమో లేవి 1944లో ఆష్విట్జ్ శిబిరమునకు తరలింపబడి, ప్రాణముతో బయటపడి, 1947లో తాను చూచినదానిని పుస్తకముగా ప్రకటించెను. ఎలీ వీజెల్ పదేండ్లు నోరు కట్టుకొని పిమ్మట వ్రాసెను. చదివిన ప్రతిసారి మాకొక ప్రశ్న తోచుచుండెను: మన సీమకు అటువంటి పుస్తకమేది?

చావు మనము చూడనిది కాదు. 1876–78 నాటి ధాత కరువులో కర్నూలు జిల్లా నాశనమైనది. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ ఈ జిల్లా జనములో నాలుగవ వంతుకు పైగా తగ్గిరి. కడప జిల్లాకును గట్టి దెబ్బయే తగిలెను. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటిరి. ఆ నెలలోనే వైస్రాయి పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ దక్షిణాదికి వచ్చి, కరువు పనులలో మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది పైకము చాలునని తేల్చెను. ఆ తిండితో కష్టము చేయువాడు నిలువడని మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టరు కార్నిష్ పోరాడెను. కొన్ని నెలలకు కూలి పెంచిరి. అప్పటికే పోవలసినవారు పోయిరి. ఆ కూలి తిండి, 1944లో బుకెన్‌వాల్డ్ శిబిరపు ఖైదీల తిండికంటె తక్కువ బలము గలదని చరిత్రకారుడు మైక్ డేవిస్ 2001లో లెక్కగట్టి చూపెను.

రెండును ఒకటేయని మేమనము. నాజీలు చంపవలెననియే చంపిరి. ఇక్కడ దొరలు ఖర్చు లెక్క చూచుకొనిరి. ఆకలిగొన్నవానికి ఆ భేదము తెలిసియుండునా అన్నది వేరు సంగతి.

ఆ కరువు చరిత్రను 1878లో రెండు సంపుటములుగా వ్రాసినవాడు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ. గంజి కోసము నిలిచినవారు వ్రాసినది మా చేతికి చిక్కలేదు. వారికి అక్షరమే లేదు గదా! మన సంఘ చరిత్రల తప్పు కూడ కొంత కలదు. ఒంగోలు క్లౌ దొర కరువు సాగినంత కాలము బాప్తిస్మములు ఆపి, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మందికి ఇప్పించిన సంగతి మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ 2,222 మంది ఏమి తిని బ్రతికిరో, ఎవరిని పూడ్చి వచ్చిరో అడిగి వ్రాసికొనువారు లేకపోయిరి.

లేవి పుస్తకములో లొరెంజో అను తాపీ పనివాడు కలడు. అతడు ఖైదీ కాడు. ఆరు నెలలు తన సూపులో మిగిల్చి దొంగచాటుగా లేవికి తెచ్చిపెట్టెను, ప్రతిఫలమేమియు పుచ్చుకొనలేదు. తాను బ్రతికియుండుట అతనివలననే అని లేవి వ్రాసెను. కుమార్తెకు లీసా లొరెంజా అని, కుమారునికి రెంజో అని పేరు పెట్టుకొనెను. ఇది మనకు వింత కాదు. మన్రో దొర మీది అభిమానముతో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్న సీమ మనది.

మా గురుమండలములో ఒక ముసలమ్మను ధాత కరువు గురించి అడిగితిమి. "మా జేజికి వాళ్ల జేజి చెప్పిందంట అయ్యగారూ. బిడ్డను చంకనేసుకొని కర్నూలు దావన పోతావుంటే, యాడిదో ఒక ఆడమనిషి కొంగులోని కొర్రల్లో సగం ఇచ్చి పోయిందంట. ఆ బిడ్డ బతికినాడు కాబట్టే మేముండాము" అన్నది.

ఆమె పేరేమని అడిగితిమి.

"ఎవరికి తెలుసు సామీ, అడిగేంత ఓపిక ఉన్నింటే కదా" అన్నది.