గాలిని కలచి కొలిచినవాళ్లు

మాది తుని. తాండవ పొంగితే వంతెన స్తంభాల వెనక ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతాయి. పెద్ద సుళ్లు చీలి చిన్నవవుతాయి, అవి ఇంకా చిన్నవై నీళ్లలో కలిసిపోతాయి. గాలిలోనూ జరిగేదిదే, కంటికి కనబడదంతే. ఆ సుళ్లను గదిలో పుట్టించి కొలిచినవాళ్ల కథ చెప్పకుండా నేను ఏ ఏడూ ఫిజిక్సు పాఠం ముగించలేదు.

సతీశ్ ధవన్ అనగానే మనకు శ్రీహరికోట గుర్తొస్తుంది. రాకెట్ల కంటే ముందు ఆయన పని గాలితోనే. 1951లో కాల్‌టెక్‌లో డాక్టరేటు ముగించి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి వచ్చారు. అక్కడ ఆయన దగ్గర చేరిన కుర్రాడు రొద్దం నరసింహ. పుట్టింది బెంగళూరులో. ఇంటిపేరు మాత్రం మన అనంతపురం సీమలోని రొద్దం ఊరిది.

ఇలాంటివాళ్లు గాలిని పారించి కొలిచే సొరంగం విండ్ టన్నెల్. దాన్ని కట్టేవాడు ముందు గాలిని నిమ్మళింపజెయ్యాలి. ఫ్యాను తిప్పిన గాలిలో దాని మెలికలే ఉంటాయి. తేనెపట్టులాంటి గొట్టాల వరసలోంచి పంపితే అవి విరుగుతాయి. సన్నటి జాలీలు మిగతా ఒడిదుడుకులు తగ్గిస్తాయి. ఆ తరవాతే కమ్మీల జాలీ అడ్డుపెట్టి, కావలసిన కల్లోలం పుట్టిస్తారు. 1935లో ఇంగ్లండులో జి.ఐ. టేలర్ కల్లోల సిద్ధాంతం నిలిచింది ఇలాంటి జాలీ వెనక కొలతల మీదే.

కొలిచేది వేడి తీగ. వెంట్రుకలో పదో వంతుకన్నా సన్నటి టంగ్‌స్టన్ తీగలో కరెంటు పారిస్తారు. గాలి తగిలితే చల్లారుతుంది, దాని నిరోధం మారుతుంది. సెకనుకి వేలసార్లు మారే వేగాన్ని కూడా అది పట్టిస్తుంది. ధూళి రేణువు తగిలినా తెగిపోయే ఆ తీగను సూదిమొనల మధ్య అతికించే చేతులకు దండం పెట్టాలి.

ఇక నరసింహ పనికొస్తే, నున్నటి పలక మీద సాఫీగా పారే గాలి ఒక్కసారిగా చెదిరిపోదు. అక్కడక్కడా కల్లోలపు మచ్చలు పుట్టి, పెరుగుతూ ప్రవాహం వెంట సాగుతాయని 1951లో ఎమన్స్ అనే పరిశోధకుడు చెప్పారు. పలక పొడవునా ఎక్కడపడితే అక్కడ కాదు, ఒక సన్నటి పట్టీలోనే అవి పుడతాయనుకుంటే కొలతలు సరిపోతాయని 1957లో నరసింహ తేల్చారు. అప్పటికాయనకు ఇరవైనాలుగేళ్లు నిండాయో లేదో! మరుసటేడు ధవన్‌తో కలిసి రాసిన వ్యాసాన్ని ఆ రంగంలోవాళ్లు నేటికీ తీసి చదువుతారు.

1973లో నరసింహా, ఆయన శిష్యుడు కటేపల్లి శ్రీనివాసనూ కలిసి దీనికి తిరగేసిన సంగతి రాశారు: ప్రవాహాన్ని గట్టిగా వేగిరపరిస్తే, పలకను అంటుకున్న పొరలో కల్లోలం సద్దుమణిగి గాలి మళ్లీ సాఫీ అవుతుందని. నా పిల్లలు ఎక్కువ ప్రశ్నలడిగింది ఇక్కడే.