ఎవరింట్ల చాయ్ తాగిర్రు

నెగడు దగ్గరికి జరుగు బిడ్డా, మంచు పడుతున్నది. ఆ ఫారం నాకియ్యకు, కండ్లు ఆనవు, నువ్వే చదువు. మీ చిన్న సమూహం నెలకు ఎన్నిసార్లు కూడుతున్నది, ఎంతమంది వస్తున్నరు, కొత్తోళ్లు ఎందరు... గివే కదా అడిగింది? రాసుకో, తప్పు లేదు. విచారణ ఫాదర్‌కు లెక్క కావాలె. గానీ గుంపు బతికిందా, సచ్చిందా అన్నది ఆ లెక్కల దొరకదు. నా ఉద్యోగమంతా శక్కర్‌నగర్ ఫ్యాక్టరీల పోయింది కాబట్టి చెప్తున్న. కాంటా మీద చెరుకు బండి తూకం వేరు, రికవరీ వేరు. టన్ను చెరుకు ఆడితే క్వింటాలుకు అటో ఇటో చక్కెర వస్తది. అది ఎంతో కాంటా చెప్పదు, ల్యాబ్‌ల రసం చూసెటోడు చెప్తడు.

1931ల నిజాంసాగర్ కట్టుడు అయిపోయింది, మంజీర నీళ్లు కాలువలల్ల పారినయి. 1937ల ఫ్యాక్టరీ పడ్డది. నలుమూలల నుంచి జనం దిగిర్రు. గుంటూరు, కృష్ణా దిక్కు నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నరు. అండ్ల ఫిరంగిపురం దిక్కు కతోలికులు సుత ఉండె. చెరుకు కొట్ట మరాఠోళ్లు వస్తుండిరి. మా నాయిన అసొంటోళ్లు కైకిలి చేసుకుంట వచ్చి మిల్లుల చేరిర్రు. కతోలికులందరిదీ ఒక్కటే గుడి. బల్లల మీద కూసునే జాగలు మాత్రం వేరు వేరు. ఎవ్వరు చెప్పకున్నా ఎవరి జాగ వాళ్లకు ఎరుకే.

అప్పట్ల ఫాదర్ వచ్చుడంటే పండుగ. మిగిలిన దినాలు ఉపదేశే దిక్కు. పూజ లాటిన్‌ల నడుస్తుండె, మేము జపమాల తిప్పుకుంట కూసుంటుంటిమి. 1962 నుంచి 1965 దాంక రోముల వాటికన్ మహాసభ నడిచింది, ఆ తర్వాత పూజ తెలుగుల వచ్చింది. ఫాదర్ మన దిక్కు మొఖం పెట్టి తెలుగుల పూజ మొదలువెడితే మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

గుంపులు ఒకదాని ఎనుక ఒకటి వచ్చినయి. లీజియన్ ఆఫ్ మేరీ అన్నిట్ల పాతది, 1921ల ఐర్లాండుల పుట్టింది. దాని పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టమే. ఈ వారం ఇద్దరిని కలిపి ఒక పని అప్పజెప్తరు, రోగి ఇంటికి పోవుడో, గుడికి రానోళ్లను పలకరించుడో. మల్ల వారం పోయినవా, ఏం చేసినవు అని అడుగుతరు. నీకు ఎట్లనిపించింది అని అడగరు. తర్వాత కరిష్మాటిక్ ప్రార్థనలు. 1967ల అమెరికాల మొదలై 1972ల బొంబాయికి వచ్చినయి, అటెన్క మనదాంక. రాత్రంతా స్తుతి, పాటలు, కన్నీళ్లు. తాగుడు ఇడిసినోళ్లను నేను నా కండ్లార చూసిన, అబద్ధమెందుకు చెప్త. తెల్లారి మల్ల ఎప్పటి లెక్కనే అప్పుల వాళ్లను సతాయించినోళ్లను సుత చూసిన.

1990ల బాండుంగ్‌ల ఆసియా మేత్రాణులు కూడి, శ్రీసభ అంటే చిన్న చిన్న సమూహాల కలయిక కావాలె అన్నరు. దక్షిణాఫ్రికా లుంకో సంస్థ తయారు చేసిన ఏడు మెట్ల వాక్య ధ్యానం మనకూ అందింది. ప్రభువును పిలుచుడు, వాక్యం చదువుడు, మనసుకు తగిలిన మాటను మల్ల పలుకుడు, మౌనం, పంచుకునుడు, ఇప్పుడు మనం ఏం చెయ్యాలె అని మాట్లాడుకునుడు, ప్రార్థన. అందరు ఆగమాగం దాటేసేది ఆరో మెట్టు. టైం అయ్యింది, సైరన్ కొట్టిర్రు, షిఫ్టుకు పోవాలె అనుకుంట లేస్తరు.

మన వాడల ఒక ముండమోసిన కైకిలామె ఇంట్ల మొదటిసారి కూడినం. క్యాంపోళ్లు వచ్చిర్రు, సాప మీద కూసున్నరు, చక్కగ చదివిర్రు. చాయ్ పెడుతనంటే మాత్రం ఆలస్యమైందని లేసి పోయిర్రు. ఆమె పొయ్యి మీది గిన్నె దించి ఊకుంది. రిజిస్టర్ల ఆ దినం హాజరు నిండుగ ఉన్నది! మల్ల కొన్నొద్దులకు అదే ఇంట్ల, యేసు సమరియ స్త్రీని నీళ్లడిగిన వాక్యం వచ్చింది. మౌనం మస్తుసేపు నడిచింది. ఆరో మెట్టు కాడ క్యాంపు పెద్దమ్మ తల ఎత్తి, "కొంచెం టీ పెడతావా, వదినా?" అని అడిగింది. వదినా అన్నది చూడు! స్టీలు గిలాసల చాయ్ చేతికిస్తుంటే కైకిలామె వేళ్లు వణికినయి. పెద్దమ్మ గిలాస కింద పెట్టకుంట తాగింది. ఆమెను చూసి మిగిలినోళ్లు తాగిర్రు.

అన్ని గుంపులు గట్ల నడువలేదు. ఒక గుంపుల ఫలహారాల పోటీ మొదలైంది, పూరీ కుర్మా దాంక పోయింది, పేదోళ్లు మా ఇంట్ల వద్దు అనుడు షురూ చేసిర్రు. ఇంకొక గుంపు పెద్ద తనకే దేవుడు ఎక్కువ మాట్లాడుతడని అనుకొని సగం మందిని తీసుకొని ఏరే ప్రార్థన పెట్టుకున్నడు. జగద్గురువు ఆరవ పౌలు 1975ల రాసిన లేఖల గిదే హెచ్చరిక ఉన్నదని ఒక రిట్రీటుల ఫాదర్ చెప్పిండు. చిన్న సమూహం వాక్యం తోని బతకాలె, స్థానిక సభకు అతుక్కొని ఉండాలె, సువార్త అందింది మా ఒక్కరికే అనుకోవద్దు అని. అమెరికాల 1978ల నెవార్క్‌ల మొదలైన రెన్యూ అనే చిన్న గుంపుల కార్యక్రమాన్ని అక్కడి మేత్రాణులు 1986ల పరీక్ష చేస్తే మంచి మస్తు కనపడ్డది, గానీ కతోలిక బోధన పలుచబడుతున్నదని సుత తేలిందట. ఆ పరీక్ష న్యాయమైందే. దివ్యసత్ప్రసాదం దిక్కు నడిపించని గుంపు ఎంత కమ్మగ పాడినా నాకు నమ్మకం కుదరదు.

2015 డిసెంబరుల, క్రిస్మస్ ముంగట, ఫ్యాక్టరీ మూతబడ్డది. అప్పుడు చూడాలె అసలు రికవరీ. పాటలు బాగ పాడే గుంపు రెండు నెలలకే చెదిరిపోయింది. చాయ్ తాగిన గుంపోళ్లు ఆరో మెట్టు ఇడువలేదు. ఏ ఇంట్ల బియ్యం లేవో, ఏ పిల్ల ఫీజు ఆగిందో మాట్లాడుకున్నరు, చేతనైనంత సదురుకున్నరు. మొగోళ్లు సగం మంది దుబాయి, మస్కటు పోయిర్రు. ఫారంల రాస్తే హాజరు పడిపోయినట్టే ఉంటది. అండ్ల ఒకడు మస్కటుల లేబర్ క్యాంపు అర్రల శుక్రవారం నాడు గవే ఏడు మెట్లు నడిపిస్తున్నడు. వాన్ని ఏ గడిల రాస్తవు?

ఫారం అడుగున ఖాళీ జాగ ఉన్నదా? అండ్ల రాయి, ఈ ఏడాది గుంపు ఎవరెవరింటికి పోలేదని. మన వాడల గసొంటివి మూడిండ్లు ఉన్నయి. పేర్లు వద్దు, లెక్క రాయి. ఎందుకు పోలేదని ఫాదర్ అడిగితే నా దగ్గరికి తోలు.